ఆఫీసుకీ వేటకీ ఒకే ట్రక్కు: కొనే ముందు క్యాంపు దారి చూసి రండి

ప్రశ్న: మేము డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటున్నాము. వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాలి, రానూపోనూ 56 మైళ్లు. ఇంట్లో సియెన్నా వ్యాన్ ఉంది. నా పాత క్యామ్రీ తీసేసి పికప్ ట్రక్కు కొనాలనుకుంటున్నాను. నాతో పనిచేసే మిత్రుడు లానో దగ్గర తనకున్న డీర్ లీజ్‌లో (జింకల వేటకు అద్దెకు తీసుకున్న పొలంలో) ఈ ఏడాది నాకూ వాటా ఇచ్చారు. ముప్పావు టన్ను డీజిల్ ట్రక్కు (ఎఫ్-250 లాంటి పెద్దది) తప్ప మరొకటి పనికిరాదని ఆయన అంటారు. నా మనసు టొయోటా టకోమా మీద, అది కాకపోతే ఫోర్డ్ ఎఫ్-150 మీద ఉంది. నా భార్య హోండా రిడ్జ్‌లైన్ చాలంటోంది. 45,000 డాలర్లు దాటకూడదు. మా గరాజ్ లోతు 20 అడుగులు. పిల్లలకు ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. అమ్మానాన్నలు ఏటా నాలుగైదు నెలలు మా దగ్గర ఉంటారు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. నేను హెచ్-1బి మీద ఉన్నాను. ఏది కొనమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో నాలుగు రకాల బండ్లున్నాయి గానీ, ఆ బండి వేటకు వెళ్లినప్పుడు నడవవలసిన దారి గురించి ఒక్క వాక్యం కూడా లేదు. ఫ్రిస్కో నుంచి లానో వరకు దాదాపు 230 మైళ్లు మంచి తారు రోడ్డే, దానికి ఏ బండైనా సరిపోతుంది. అసలు ప్రశ్న లీజ్ గేటు దగ్గర మొదలై క్యాంపు దగ్గర ముగిసే ఆ ఒకటి రెండు మైళ్ల మట్టిదారిది. అందుచేత బండి పేరు చెప్పే ముందు ఒక పని అడుగుతున్నాను. సీజన్ మొదలయ్యేలోగా ఒక శనివారం మీ మిత్రుడి బండిలోనే ఆ లీజ్‌కు వెళ్లి, గేటు నుంచి క్యాంపు వరకు ఒకసారి నడిచి చూసి రండి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట అన్నది మన తరానికి పరిచయం లేని విషయమైపోయింది కాబట్టి, ఇక్కడికి వచ్చాక వేటబండి గురించి మనకు తెలిసేదంతా సహోద్యోగుల మాటల నుంచో ప్రకటనల నుంచో వచ్చినదే. ఆ ప్రకటనల్లో బండ్లు ఎక్కే కొండలకూ మీరు వెళ్లబోయే పొలానికీ సంబంధం ఉండకపోవచ్చు.

నేల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే టెక్సస్‌లో ఏ ట్రక్కు కావాలన్నది చాలావరకు నేలే తేలుస్తుంది. మీరుండే ఫ్రిస్కో, డాలస్, అక్కడి నుంచి వేకో మీదుగా శాన్ ఆంటోనియో దాకా సాగే మైదానం బ్లాక్‌లాండ్ ప్రెయిరీ. ఈ రాష్ట్రానికి ప్రతీకగా చెప్పుకునే మృత్తిక హ్యూస్టన్ బ్లాక్ ఆ మైదానపు నేలే, అది మన నల్లరేగడి జాతిది. తడిస్తే ఉబ్బి, ఎండితే జానెడేసి బీటలిచ్చే గుణం రెండింటికీ ఒకటే. ఎండాకాలంలో మీ ఇంటి పునాది చుట్టూ నీళ్లు పెట్టమని చెప్పేది కూడా అందుకే. వాన పడిన రేగడి చేలో ఎడ్లబండి చక్రానికి మట్టి ఎలా చుట్టుకుపోయేదో చూసినవారికి చెప్పనక్కరలేదు, అక్కడ నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నా టైరు గాళ్లు మట్టితో పూడుకుపోయాక బండి జారడమే తప్ప కదలదు. మీ లీజ్ ఆ నల్లమట్టిలోని కోర్సికానా వైపు ఉండి ఉంటే నా సమాధానం వేరుగా ఉండేది.

లానో అలాంటిది కాదు. అది గ్రానైట్ దేశం. హైదరాబాద్ చుట్టూ ఉన్న బండల గుట్టలను చూసి పెరిగినవారికి ఎన్‌చాంటెడ్ రాక్ గులాబిరంగు శిల చూడగానే ఊరు గుర్తుకొస్తుంది. ఆ బండ చితికి ఏర్పడిన ముతక ఇసుక నేల మన చెల్క నేలలాగే నీటిని త్వరగా ఇంకించుకుంటుంది గనుక, రాత్రి వాన పడినా మర్నాటికి దారి చాలావరకు నడవదగినట్లే ఉంటుంది. అక్కడి ఇబ్బందులు వేరు. మొదటిది రాళ్ల అంచులూ మెస్కీట్ చెట్ల ముళ్లూ. ఇవి టైరును ప్రక్కగోడ దగ్గర చీలుస్తాయి. రెండవది వాగు దాటే చోట వంతెన లేకుండా రోడ్డు మీదుగానే నీరు పారే దాటులు. రెండడుగుల లోతున వేగంగా పారే నీరు పికప్ ట్రక్కులతో సహా చాలా వాహనాలను లాక్కుపోతుంది, దానికి ముప్పావు టన్ను డీజిల్ కూడా మినహాయింపు కాదు. నీరు తీసేదాకా ఆగడమే దానికి మార్గం. కాబట్టి లానోలో మీ డబ్బు ముందు వెళ్లవలసింది టైర్లకు, ఆ తరువాతే డ్రైవ్ వ్యవస్థకు.

ఇక బరువు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది బండి ఎంత లాగగలదన్న అంకె. మీకు లాగవలసిన ట్రైలర్ ఉన్నట్లు మీరు రాయలేదు కనుక దాన్ని మరిచిపోండి. మీకు కావలసిన అంకె డ్రైవర్ తలుపు తెరిస్తే ద్వారబంధం మీద పసుపు, తెలుపు రంగుల చీటీలో ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించరాదని అందులో రాసి ఉంటుంది. ఒకే మోడల్ ట్రక్కుల్లో కూడా ఈ అంకె బండి బండికీ మారుతుంది, ఎందుకంటే ఫ్యాక్టరీలో చేర్చిన ప్రతి హంగు బరువూ అందులోంచే తగ్గుతుంది. ఆఫ్-రోడ్ పేరుతో అమ్మే ఖరీదైన ట్రిమ్ములలో (ఒకే మోడల్‌లోని హంగుల స్థాయిలలో) ఇది సాదా ట్రిమ్ము కంటే తక్కువగా ఉండటం నేను చాలాసార్లు చూశాను. కొనబోయే బండి చీటీని ఫోటో తీసుకోకుండా సంతకం పెట్టవద్దు.

మీ ప్రయాణానికి లెక్క వేద్దాం. ముగ్గురు పెద్దవాళ్లు, తలా 190 పౌండ్ల చొప్పున 570. రైఫిళ్లు, సంచులు, తిండి, నీళ్లు కలిపి 200. మంచు నింపిన పెద్ద కూలర్ 150. ట్రక్కు తొట్టి మీద మీరు వేయించే మూత 60. మొత్తం 980. చీటీ మీద 1,500 ఉంటే ఇంకా 520 మిగులుతుంది, అంటే జింకలకు మేత జల్లే ఫీడర్లలో పోయడానికి 50 పౌండ్ల మొక్కజొన్న బస్తాలు పది. టకోమా లాంటి మధ్యస్థ శ్రేణి ట్రక్కుల ఆఫ్-రోడ్ ట్రిమ్ములలో నాకు తరచు కనిపించే 1,150 లాంటి అంకె ఉంటే మిగిలేది 170, అంటే మూడు బస్తాలు. నలుగురూ కలిసి ఫీడర్లు నింపే లీజ్‌లో మూడు బస్తాలతో వెళ్లినవాడికి రెండో ట్రిప్పు తప్పదు. అయితే ఆ మొక్కజొన్నను ఫ్రిస్కోలో కొని 230 మైళ్లు మోయవలసిన అవసరం లేదు. దాణా దుకాణాలు లానోలోనే ఉంటాయి. అక్కడ కొంటే ఆ బరువు చివరి కొన్ని మైళ్లకే పరిమితమవుతుంది. తిరుగు ప్రయాణంలో బస్తాలుండవు, వాటి స్థానంలో జింక ఉంటుంది. లానో ఉన్న హిల్ కంట్రీ ప్రాంతపు వైట్‌టెయిల్ మగజింక పేగులు తీసిన తరువాత సుమారు వంద పౌండ్లు తూగుతుంది కనుక రెండు దొరికినా బండికి అది భారం కాదు. భారం వేడిదే. నవంబరు మొదటి వారంలో మధ్యాహ్నం 80 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటడం అక్కడ మామూలే కనుక, మాంసాన్ని నాలుగు గంటలు మోసుకురావడం కంటే లానోలోనే కోసి ప్యాక్ చేసే చోట ఇచ్చి, తరువాతి ట్రిప్పులో తెచ్చుకోవడం మేలు. ఈ రెండు అలవాట్లూ చేసుకుంటే మీకు కావలసిన ట్రక్కు మీరు ఊహించుకున్న దానికంటే చిన్నదని తెలుస్తుంది.

మీ మిత్రుడు చెప్పిన ముప్పావు టన్ను డీజిల్ విషయం తేలికగా తేలిపోతుంది. ఎఫ్-250 నాలుగు తలుపుల ట్రక్కు పొట్టి తొట్టితో కూడా 20 అడుగుల 10 అంగుళాలు ఉంటుంది, మీ గరాజ్ 20 అడుగులు. పైగా అది వేల పౌండ్లు మోయడానికి కట్టిన బండి కనుక ఖాళీగా ఆఫీసుకు వెళ్లేటప్పుడు స్ప్రింగులు బిగుసుకుని ఒళ్లు కుదుపుతుంది. నేటి డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే ఇంజిను చాలాసేపు వేడిగా నడవాలి, స్కూలుకూ కిరాణా కొట్టుకూ తిరిగే బండికి అది కుదరక ఫిల్టరు పూడుకుపోతుంది. రోజూ గుర్రాల ట్రైలర్ లాగేవారికి అది సరైన బండి. ఆయన అవసరం ఆయనకు నిజమే, అది మీది కాదు.

టకోమా మీద మీకున్న ఇష్టాన్ని అర్థం చేసుకోగలను. హైలక్స్‌ను ఎరిగిన మనకు దాని అన్నదమ్ముల మీద నమ్మకం సహజం. 1964 నుంచి దిగుమతి ట్రక్కుల మీద ఉన్న 25 శాతం సుంకం హైలక్స్ లాంటి బండ్లు ఇక్కడి మార్కెట్లో కనిపించకపోవడానికి ఒక ముఖ్య కారణం. టకోమా గట్టి బండే, రాళ్ల మీద దానికి తిరుగులేదు. అయితే రోజూ పిల్లలు కూర్చునే వెనుక సీటు అందులో ఇరుకు; ఎఫ్-150 వెనుక సీటులో కాళ్లకు దొరికే చోటుతో పోలిస్తే దాదాపు పది అంగుళాలు తక్కువ. ఇక మధ్యస్థ శ్రేణి కొంటే గ్యాస్ మిగులుతుందన్నది చాలామందికున్న పొరపాటు అభిప్రాయం. నాలుగు చక్రాల డ్రైవ్‌తో ఉన్న టకోమా, రిడ్జ్‌లైన్, 2.7 లీటర్ల ఇంజినున్న ఎఫ్-150, ఈ మూడూ ప్రభుత్వ లెక్కల్లో గ్యాలనుకు ఇంచుమించు 21 మైళ్ల దగ్గరే ఉంటాయి. గ్యాసే మీ మొదటి ఆలోచన అయితే సుమారు 37 మైళ్లు ఇచ్చే ఫోర్డ్ మావరిక్ హైబ్రిడ్ ఒక్కటే ఆ లెక్కను మారుస్తుంది. ఏడాదికి 14,000 మైళ్లు నడిపితే 290 గ్యాలన్ల దాకా తేడా వస్తుంది. కానీ నాలుగున్నర అడుగుల తొట్టిలో కూలరూ బస్తాలూ పెట్టాక మీ మిత్రుల సంచులు వాళ్ల ఒళ్లోకే వస్తాయి.

ఇన్నీ చూశాక, మీ భార్యగారి మాటే నాకు సరైనదిగా తోస్తోంది. రిడ్జ్‌లైన్‌ను ట్రక్కుగా ఒప్పుకోనివారు టెక్సస్‌లో చాలామంది ఉన్నారు. దానికి నిచ్చెనలాంటి విడి ఫ్రేము లేదు, అది కారులా ఒకే ముక్కగా కట్టిన బండి. మీకు దాని వల్లనే మేలు. పొడవు పదిహేడున్నర అడుగులు కనుక గరాజ్‌లో ముందూ వెనుకా నడవడానికి చోటు మిగులుతుంది. ఎఫ్-150 19 అడుగుల 4 అంగుళాలతో ఎనిమిది అంగుళాలే మిగుల్చుతుంది, గోడకు ఒక అల్మారా ఉన్నా తలుపు మూయలేరు. మోయగల బరువు దాదాపు 1,500 పౌండ్లు. తొట్టి అడుగున తాళం వేసుకోగల పెట్టె ఉంది, దానికి నీరు పోయే రంధ్రం ఉంది కనుక మంచు నింపి మాంసం పెట్టుకోవచ్చు, ఇంటికి వచ్చాక గొట్టంతో కడిగేయవచ్చు. వెనుక సీటు అడుగు పైకి మడిస్తే రైఫిల్ పెట్టెలు నేల మీద అడ్డంగా పడుకుంటాయి. దాని నాలుగు చక్రాల వ్యవస్థ తనంతట తానే పనిచేస్తుంది. మీటతో వేసే పాత పద్ధతి వ్యవస్థను పొడి తారు రోడ్డు మీద వేసి ఉంచితే మలుపుల్లో ఇరుసులు బిగుసుకుని చెడిపోతాయి, వాన కురుస్తున్న టోల్‌వే మీద ఎప్పుడు వేయాలి, ఎప్పుడు తీయాలి అన్న ఆలోచన మీకు అక్కరలేదు.

దాని లోపాలూ చెప్పాలి. నేల నుంచి ఎత్తు 7.6 అంగుళాలే. నెమ్మదిగా బలంగా లాగే లో-రేంజ్ గేరు లేదు. స్పేర్ టైరు చిన్న తాత్కాలికమైనది, దానితో రాళ్ల దారిలో వెళ్లకూడదు. కనుక ఆల్-టెర్రైన్ టైర్లు నాలుగు కాదు, ఐదు కొని, వేటకు వెళ్లే రోజు ఐదవదాన్ని తొట్టిలో కట్టి తీసుకెళ్లండి. పంక్చరు పూడ్చే సామగ్రి, గాలి నింపే చిన్న యంత్రం కూడా దానితోపాటే. మొదటి ఏడాది నేను స్పేర్ సంగతి చూసుకోకుండా వెళ్లి, ఆదివారం సాయంత్రం ముల్లు దిగిన టైరుతో గేటు దగ్గర మూడు గంటలు కూర్చున్నాను, అప్పటి నుంచి ఈ మాట అడిగినవారికీ అడగనివారికీ చెబుతున్నాను. వాడిన రిడ్జ్‌లైన్ కొనేట్లయితే ఇంజిను టైమింగ్ బెల్టు మార్చారో లేదో కాగితం చూడండి. లక్ష మైళ్ల దగ్గర అది మార్చవలసిన భాగం, ఖర్చు చిన్నది కాదు. కొత్తది నలభై వేలకు పైన మొదలవుతుంది, టెక్సస్‌లో వాహనాల మీద 6.25 శాతం పన్ను కలుస్తుంది గనుక టైర్లతో కలిపి మీ 45,000 నిండిపోతుంది. మూడు నాలుగేళ్ల బండి అయితే టైర్లకూ మూతకూ డబ్బు మిగులుతుంది.

నా ఓటుకు షరతు ఒక్కటే, మొదట చెప్పిన ఆ దారి. గేటు నుంచి క్యాంపు వరకు మామూలు కారు పొడి రోజుల్లో వెళ్లగలిగేలా ఉంటే, అక్కడి నుంచి మాటుగదుల దాకా తిరగడానికి మీ మిత్రుల దగ్గర పొలం బండి ఉంటే, రిడ్జ్‌లైన్ చాలు. దారిలో మోకాలెత్తు బండలు మెట్లుగా ఉంటే, లేదా ఇసుక వాగులోంచి నిటారుగా గట్టెక్కవలసి వస్తే, ఎఫ్-150 సూపర్‌క్రూ, ఐదున్నర అడుగుల తొట్టి, నాలుగు చక్రాల డ్రైవ్, మధ్యస్థమైన ట్రిమ్ము, వెనుక డిఫరెన్షియల్ లాక్ (వెనుక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా బిగించేది) ఉన్నది, మూడేళ్లు వాడినది చూడండి. అదే వరుసలో రామ్ 1500 వెనుక కాయిల్ స్ప్రింగుల వల్ల ఖాళీగా నడిపేటప్పుడు మెత్తగా ఉంటుంది, దాన్నీ నడిపి చూడండి. ఏది వాడినది కొన్నా దాని విన్ అంకెను (బండి గుర్తింపు సంఖ్యను) జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో వేసి రీకాల్ మిగిలి ఉందేమో చూడటం మరిచిపోవద్దు. 2024లో ఒక్క 2022–23 టొయోటా టండ్రా ట్రక్కు ఇంజిన్ల కోసమే సుమారు లక్ష బండ్లను వెనక్కి పిలిచారు, కనుక పేరున్న కంపెనీ అని ఊరుకోవడానికి లేదు.

అమ్మగారి సంగతి. పెద్దవాళ్లతో ఊరికి వెళ్లడానికి వ్యాన్ ఉంది, నిజమే. కానీ మీ భార్య వ్యాన్ తీసుకెళ్లిన రోజే డాక్టరు దగ్గరకు వెళ్లవలసి వస్తుంది. చీర కట్టుకున్న మనిషి, మోకాలు వంగని మనిషి, పెద్ద ట్రక్కు ఎక్కడమంటే రెండు చేతులా పట్టుకుని పైకి లాక్కోవడమే. ఆమె ఇక్కడ ఉన్నప్పుడే డీలరు దగ్గరకు తీసుకెళ్లి ఎక్కించి దించి చూడండి. ఎఫ్-150 అయితే ప్రక్క మెట్టు తప్పనిసరి, అది గుండ్రటి గొట్టంలా కాక పాదం పూర్తిగా ఆనే వెడల్పు పలకలా ఉండాలి. బండిని ఎత్తు పెంచే కిట్ల జోలికి అసలు పోవద్దు.

చివరిగా, మీరు అడగకపోయినా, రోజువారీ బండీ వేటబండీ ఒకటే అయినప్పుడు తప్పక తెలియవలసిన రెండు విషయాలున్నాయి. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఇక్కడ చట్టబద్ధంగా జారీ అయిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. టెక్సస్ లైసెన్సు సంవత్సరం సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31తో ముగుస్తుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు వేట శిక్షణ కూడా పూర్తిచేయాలి. కనుక ట్రక్కుకు బయానా ఇచ్చే ముందు లైసెన్సు తీసుకోండి, గ్రీన్ కార్డు పని నడుస్తుంటే మీ ఇమ్మిగ్రేషన్ న్యాయవాదితో ఒకసారి మాట్లాడండి, ఆ లోపు మిత్రుడి రైఫిల్‌ను షూటింగ్ రేంజిలో సరదాకు కూడా పట్టుకోవద్దు.

రెండవది స్కూలు. బడి ఆవరణకు వెయ్యి అడుగుల లోపు తుపాకీతో ఉండటం ఫెడరల్ నేరం; రాష్ట్ర తుపాకీ లైసెన్సు ఉన్నవారిని మినహాయిస్తే, బండిలోని తుపాకీ తూటాలు తీసి తాళం వేసిన పెట్టెలో ఉంటే చట్టం ఒప్పుకుంటుంది. ఆదివారం రాత్రి అలసిపోయి లానో నుంచి వచ్చి, సోమవారం ఉదయం అదే ట్రక్కులో పిల్లలను బడి దగ్గర దింపేది మీరే. అందుకని వెనుక సీటు క్రింద బిగించే ఉక్కు పెట్టెను బండితోపాటే కొనండి, దారంతా రైఫిల్ అందులోనే ఉండాలి. ఇంటికి ఎంత రాత్రి చేరినా సరే, సంచుల కంటే ముందు రైఫిల్‌ను ఇంట్లో సేఫ్‌లోకి చేర్చి, సీటు క్రిందా తలుపు అరల్లోనూ ఒక్క తూటా కూడా మిగలలేదని చేత్తో తడిమి చూసుకున్న తరువాతే పడుకోండి.